జతకట్టే కాలంలో దుప్పుల వేట: టెక్సాస్‌లో అనుమతి ఎందుకు, నల్లమలలో ఆగనిది ఎందుకు?

హిల్‌కంట్రీ_రాము
నేను ఉంటున్నది ఆస్టిన్‌కు పడమర వైపు కొండ ప్రాంతంలో. ఆఫీసులో నాతో పనిచేసే ఒకాయన జూన్ నెలలో ఒక రాంచ్‌లో (పెద్ద ప్రైవేటు పశుక్షేత్రంలో) వేటకు రమ్మని పిలిచారు. వేటాడబోయేది ఇక్కడివారు యాక్సిస్ డీర్ అని పిలిచే జంతువును. అది మరేదో కాదు, మన నల్లమలలో తిరిగే చుక్కల దుప్పే. 1932లో ఈ రాష్ట్రానికి తెచ్చారు, ఇప్పుడు వేల సంఖ్యలో అడవి పాలై తిరుగుతున్నాయి. రాంచ్ వారు పంపిన కాగితంలో రాసిన తీరు నాకు మింగుడుపడలేదు. మే నుంచి ఆగస్టు వరకు మగ దుప్పులు జతకట్టే కాలంలో ఉంటాయని, అరుపును బట్టి జాడ పట్టవచ్చని, అప్పుడు అవి ఏమరుపాటుగా ఉంటాయి కనుక కొత్తవారికి కూడా వేట సులభమని గొప్పగా రాశారు. తోడు వెతుక్కునే తొందరలో ఒళ్లు మరచిన ప్రాణిని, ఆ మరపునే ఆసరా చేసుకుని కాల్చడాన్ని చట్టం ఎలా ఒప్పుకుంటుంది? ఇక్కడి తెల్లతోక జింకకు వేట సీజన్ అంటూ ఒకటి ఉంది. మన దుప్పికి ఆ మాత్రం రక్షణ కూడా ఎందుకు లేదు?

మిల్వాకీ_శ్రీను
తెల్లతోక జింకకు సీజన్ ఉన్నది జతకట్టే కాలంలో కాపాడటానికి అని మీరు అనుకుంటున్నట్టున్నారు. జరిగేది దాదాపు అందుకు విరుద్ధం. ఉత్తరాది రాష్ట్రాలలో వాటి కలయిక నవంబర్ నడిమికి ముమ్మరమవుతుంది. విస్కాన్సిన్‌లో తొమ్మిది రోజుల తుపాకి సీజన్ నవంబర్ చివర్లో వచ్చే థ్యాంక్స్‌గివింగ్ పండుగకు ముందు శనివారం మొదలవుతుంది, మిషిగన్‌లో నవంబర్ 15న మొదలవుతుంది. చట్టం కాపాడేది కలయికను కాదు, ఈనే కాలాన్ని, పిల్లలు పాలు తాగే కాలాన్ని. మే చివర, జూన్‌లో పుట్టిన పిల్లలు నవంబర్ నాటికి పాలు మాని సొంతంగా మేస్తుంటాయి. అప్పుడు తల్లి చనిపోయినా పిల్ల బతకగలదు, జూన్‌లో చనిపోతే బతకలేదు. నేను ఇక్కడ చాలా ఏళ్లుగా లైసెన్సు తీసుకుని వేటాడుతున్నాను, ఈ నియమం వెనుక ఉన్న ఆలోచన సరైనదేనని నమ్ముతున్నాను.

పద్యప్రియ
ఈ ప్రశ్న మనవాళ్లకు కొత్తది కాదు. ఆదిపర్వంలో పాండురాజు కథ అంతా దీని మీదనే నడుస్తుంది. మృగరూపంలో భార్యతో కలిసి ఉన్న కిందముడనే మునిని పాండురాజు బాణాలతో కొడతాడు. రాజులు మృగాలను చంపడం ధర్మమేనని, అగస్త్యుడంతటివాడు కూడా వేటాడాడని పాండురాజు వాదిస్తాడు. అందుకు ముని, మృగాన్ని చంపినందుకు తాను నిందించడం లేదని, కలయిక ముగిసేదాకా ఆగకపోవడమే తప్పని అంటాడు. అంటే వేటను ఒప్పుకున్న కాలంలో కూడా వేటకు ఒక వేళ ఉందని మనవాళ్లు తీర్మానించారన్నమాట. శ్రీను గారు చెప్పిన అమెరికా చట్టం ఆ ఒక్క వేళనే ఎంచుకుని తలుపు తెరిచింది. ఎన్ని లెక్కలు చెప్పినా అది నాకు న్యాయంగా తోచడం లేదు.

మిల్వాకీ_శ్రీను
పద్యప్రియ గారు, ముని బాధ ముని వైపు నుంచి నిజమే. అయితే మందను నిలబెట్టే బాధ్యత ఉన్నవారు చూడవలసింది ఒక్క జంటను మాత్రమే కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తెల్లతోక జింకలు ఈ దేశంలో కొన్ని లక్షలకు పడిపోయాయి. అప్పుడు ఏడాది పొడవునా వేటాడేవారు, మాంసం బహిరంగంగా అమ్మేవారు. సీజన్లు పెట్టి, అమ్మకం నిషేధించి, 1937లో తుపాకులు, తూటాల మీద పన్ను వేసి ఆ డబ్బును రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు మళ్లించిన తరువాతే అవి తిరిగి పెరిగాయి. నేను ఒక జింకను కొడితే మరుసటి రోజు సాయంత్రం 5 గంటలలోపు నమోదు చేయాలి. ఆ లెక్కల మీదనే వచ్చే ఏడాది ఎన్ని అనుమతులు ఇవ్వాలో తేలుతుంది.

బీటు_నడక
నల్లమలలో అటవీశాఖలో కిందిస్థాయి ఉద్యోగం చేసి విరమించినవాణ్ణి. టెక్సాస్ సంగతి ఇక్కడివారు చెబుతున్నారు కాబట్టి, అదే దుప్పి సొంత ఇంటిలో ఎలా ఉందో చెబుతాను.

మా వైపు దుప్పులు ఏడాదంతా ఎక్కడో ఒకచోట జతకడుతూనే ఉంటాయి గాని, ముమ్మరం మాత్రం ఎండాకాలంలోనే. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున బీటు (మాకు కాపలాకు అప్పగించిన అడవి భాగం) నడుస్తుంటే మగ దుప్పి అరుపు బొంగురుగా, సాగదీసినట్టు చాలా దూరం వినిపిస్తుంది. మెడ లావెక్కి ఉంటుంది. వెనక కాళ్ల మీద నిలబడి పైకొమ్మలకు ముఖం రుద్దుతుంది, కొమ్ములతో నేలను కుమ్మినప్పుడు చిక్కుకున్న గడ్డిని అలాగే తల మీద మోస్తూ తిరుగుతుంది. మేత మీద ధ్యాస తగ్గిపోతుంది, మనిషి వాసన వచ్చినా ఒక్కోసారి కదలదు. సరిగ్గా అదే సమయానికి వాగులు ఎండిపోయి, నీళ్లు చెలమలకు, మేము ట్యాంకరుతో నింపే సాసర్ పిట్లకు (జంతువులు తాగే లోతులేని నీటి తొట్లకు) మాత్రమే మిగులుతాయి. వేటగాడికి ఇంతకన్నా కలిసివచ్చే కాలం మరొకటి ఉండదు.

వాళ్లు చేసే పని ఏమిటంటే, నీటి చుట్టూ ముళ్లకంప పరిచి ఒకటి రెండు సందులు వదులుతారు. ఆ సందుల్లో బైకు క్లచ్ వైరుతో ఉచ్చు పెడతారు. పాతకాలపు తాళ్ల ఉచ్చును దుప్పి ఒక్కోసారి కొరికి, గుంజుకుని తప్పించుకునేది. వైరు అయితే ఎంత గుంజితే అంత కోసుకుపోతుంది. ఇందులో ఎవరూ ఆలోచించని సంగతి మరొకటి ఉంది. కణితులు (సాంబార్ జింకలు) జతకట్టేది చలికాలం ముందు, మోసేది ఎనిమిది నెలలు, ఈనేది వానల వేళకు. అంటే మే నెలలో నీటికి వచ్చే ఆడ కణితి నిండు చూడితో ఉంటుంది. ఒకే చెలమ దగ్గర, ఒకే ఉచ్చులో, ఒకనాడు జతకట్టే కాలంలో ఉన్న మగ దుప్పి పడుతుంది, మరొకనాడు చూడి కణితి పడుతుంది. ఈనే కాలాన్ని, పాలిచ్చే కాలాన్ని కాపాడాలన్న శ్రీను గారి లెక్కలు ఉచ్చుకు వర్తించవు.

ఎర్రమల_నీడ
బీటు_నడక గారు చెప్పిన ఆ చూడి కణితి సంగతి ఎక్కడా చదవలేదు. దుప్పి గురించే మాట్లాడుకుంటాం గాని, ఒకే అడవిలో రెండు జాతుల కాలాలు ఇలా ఒకదాని మీద ఒకటి పడతాయని ఆలోచించలేదు.

నంద్యాల_వకీలు
చట్టం సంగతి కొంత చెప్పాలి, ఎందుకంటే మన దేశంలో కూడా ఒకప్పుడు వేటకు నిషేధకాలం అనే పద్ధతి ఉండేది. 1912 నాటి అడవి పక్షుల, జంతువుల సంరక్షణ చట్టం కింద దుప్పులు, జింకలు వంటి వాటికి ఏడాదిలో కొంతకాలం వేట నిషేధమని ప్రకటించే అధికారం ప్రాంతీయ ప్రభుత్వాలకు ఇచ్చారు. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా మొదట్లో వేటను పూర్తిగా రద్దు చేయలేదు, లైసెన్సు పద్ధతిని ఉంచింది. ప్రత్యేక అనుమతి లేకుండా ఆడవాటిని, పిల్లలను, కొమ్ముల మీద మెత్తని పొర ఉన్న మగవాటిని వేటాడరాదని అందులో ఉండేది. 1991 సవరణతో లైసెన్సు వేట పోయింది. ప్రాణాపాయం, పంట నష్టం వంటి కారణాలతో అధికారులు ఇచ్చే అనుమతులు తప్ప ఇప్పుడు మన దగ్గర వేట సీజన్ అనే ప్రశ్నే లేదు. 2022 సవరణ తరువాత సాధారణ నేరానికి జరిమానా 25,000 నుంచి లక్ష రూపాయల వరకు పెరిగింది, మూడేళ్ల వరకు జైలు పడవచ్చు.

జీవశాస్త్ర_పాఠం
వకీలు గారు చెప్పిన పాత నిబంధనను కాస్త ఆగి చూడండి. ఆడదాన్ని కొట్టకూడదు, పిల్లను కొట్టకూడదు, కొమ్ము మీద మెత్తని పొర ఉన్నదాన్ని కొట్టకూడదు. ఇక మిగిలింది ఏది? కొమ్ములు గట్టిపడిన మగది ఒక్కటే. జింక జాతుల్లో కొమ్ము గట్టిపడేది జతకట్టే కాలానికే. ఆ కాలం ముగిశాక కొమ్ములు రాలిపోయి, మళ్లీ మెత్తని పొరతో మొలుస్తాయి. కాబట్టి దయతో రాసినట్టు కనిపించే ఆ నియమం, ఆచరణలో వేటగాడి తుపాకిని జతకట్టే మగదాని వైపే తిప్పింది. కొమ్ముల కోసం వేటాడే ఏ దేశంలోనైనా ఇదే జరుగుతుంది, రాంచ్ వారి కాగితంలో ఉన్నదీ ఇదే.

దీనివల్ల మందకు నష్టమా అంటే, వెంటనే కనిపించే నష్టం తక్కువ. ఒక మగది చాలా ఆడవాటితో కలుస్తుంది కనుక కొన్ని మగవి పోయినా పుట్టే పిల్లల సంఖ్య అంతగా తగ్గదు. మందను పెంచేదీ తగ్గించేదీ ఆడవాటి సంఖ్యే. అయితే దానికి ఒక హద్దు ఉంది. ఎదిగిన మగవి మరీ తగ్గితే, మొదటి ఎదలో కలవని ఆడది మళ్లీ ఎదకు వచ్చేదాకా ఆగుతుంది. తెల్లతోక జింకలో ఆ వ్యవధి సుమారు 28 రోజులు. అంటే పిల్ల ఒక నెల ఆలస్యంగా పుడుతుంది, చలికాలానికి చిన్నదిగా ఉంటుంది. చివరి అంచు చూడాలంటే సైగాల కథ చూడాలి. అవి జింకలు కావు, మధ్య ఆసియా, రష్యా మైదానాల్లో ఉండే యాంటిలోపులు. కొమ్ములు మగవాటికే ఉంటాయి, ఆ కొమ్ములకు మందుల వ్యాపారంలో గిరాకీ ఉంది. 2000వ సంవత్సరం ప్రాంతంలో రష్యాలోని కల్మికియా వైపు మందలో ఎదిగిన మగవి నూటికి ఒకటి కూడా మిగలలేదు. అప్పుడు పెద్ద ఆడవి మిగిలిన కొద్ది మగవాటి చుట్టూ చేరి, చిన్న ఆడవాటిని దగ్గరికి రానివ్వలేదు. చాలా ఆడవి చూలు కట్టలేదు, మంద కుప్పకూలింది. మగవి ఎన్ని పోయినా పరవాలేదన్న మాట అక్కడ ఆగిపోతుంది.

పద్యప్రియ
జీవశాస్త్ర_పాఠం గారి వివరణ నా అభ్యంతరానికి బలమే ఇచ్చింది. కొమ్ము కోసం వేటాడితే వేట ఆ కాలంలోనే పడక తప్పదన్నమాట.

మిల్వాకీ_శ్రీను
అందరూ కొమ్ముల కోసం వేటాడరు. మా ఇంట్లో ఏడాదికి సరిపడా మాంసం ఒకటి రెండు ఆడ జింకల నుంచే వస్తుంది. పైగా జతకట్టే కాలంలో ఉన్న మగదాని మాంసానికి ఒక ఘాటు ఉంటుంది. వెనక కాళ్ల మడమల దగ్గరి గ్రంథి నల్లగా తడిసి వాసన కొడుతుంటుంది, చర్మం ఒలిచేటప్పుడు ఆ చేతితో మాంసం ముట్టుకుంటే ఎంత మసాలా వేసినా పోదు. తిండి మానేసి తిరగడం వల్ల ఆ కొద్ది వారాల్లో బరువులో నాలుగో వంతు దాకా కోల్పోతుంది. తినడానికి వేటాడేవాడు అటువంటి దాన్ని ఏరికోరి కొట్టడు.

అబర్డీన్_లక్ష్మి
స్కాట్లాండ్‌లో రెండు కాలాలు విడివిడిగా ఉండేవి. ఎర్ర జింకల్లో మగవాటి వేట జూలై 1 నుంచి అక్టోబర్ 20 వరకు, ఆడవాటి వేట అక్టోబర్ 21 నుంచి ఫిబ్రవరి 15 వరకు. మగవి జతకట్టేది సెప్టెంబర్ చివర, అక్టోబర్‌లో కాబట్టి వాటి సీజన్ ఆ కాలంలోకి కూడా వెళ్లేది. 2023 అక్టోబర్‌లో మగవాటికి ఉన్న నిషేధకాలాన్ని పూర్తిగా ఎత్తేశారు. జింకలు విపరీతంగా పెరిగి అడవిలో మొక్కను లేవనివ్వడం లేదన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. ఆడవాటి నిషేధకాలాన్ని మాత్రం అలాగే ఉంచారు, తల్లి పోతే పిల్ల ఆకలితో చస్తుందని. మా ఊరి కొండల మీద తోడేళ్లు అంతరించి వందల ఏళ్లయింది, అందుకే అక్కడ తుపాకి పని చేయవలసి వస్తోంది. నల్లమలలో పులి ఉంది, చిరుత ఉంది. ఈ రెండు చోట్లకూ ఒకే నియమం పనికిరాదని నా అభిప్రాయం.

బీటు_నడక
లక్ష్మి గారు చెప్పింది అక్షరాలా నిజం. పులికి, రేచుకుక్కలకు చెందవలసిన దుప్పిని మనిషి ఎత్తుకుపోతే ఆకలిగొన్న జంతువు పశువుల మీదికి వస్తుంది. అప్పుడు ఊరివాళ్లకు పులి మీద కోపం వస్తుంది గాని, ఉచ్చు పెట్టినవాడు గుర్తుకు రాడు.

మక్తల్_రైతు
అడవి పక్కన లేని మాలాంటి వారి మాట కూడా వినండి. మాది కృష్ణా నది వైపు. మా చేలల్లోకి వచ్చేవి కృష్ణజింకలు. పత్తి, కంది మొలకెత్తిన పది పదిహేను రోజులకు మంద దిగిందంటే, ఒక్క రాత్రిలో సాళ్లు సాళ్లుగా చివుళ్లు మాయమవుతాయి. చేను చుట్టూ పాత చీరలు కడతాం, రాత్రిళ్లు మంచె మీద డబ్బాలు కొడతాం, మళ్లీ విత్తనం కొంటాం. మీరందరూ అవి ఎప్పుడు జతకడతాయో, ఎప్పుడు ఈనుతాయో మాట్లాడుతున్నారు, మాకు మాత్రం విత్తే కాలం ఒక్కటే కనిపిస్తుంది. వాటిని చంపమని మేము అడగడం లేదు. పట్టి వేరే చోటికి తరలించమని, పోయిన పంటకు పరిహారం సకాలంలో ఇవ్వమని అడుగుతున్నాం.

ఎర్రమల_నీడ
రైతు గారి బాధను పక్కన పెట్టి ఈ చర్చ సాగించడం తగదు. అయితే కొందరు చేల చుట్టూ కరెంటు తీగలు పెడుతున్నారు. వాటికి జింకలే కాదు, తెల్లవారుజామున పొలానికి వెళ్లిన మనుషులు కూడా బలైపోతున్నారు.

మక్తల్_రైతు
మా ఊళ్లో ఎవరూ ఆ పని చేయరు, చేసేవారిని నేను సమర్థించను కూడా.

జీవశాస్త్ర_పాఠం
కృష్ణజింకల విషయంలో సీజన్ అన్న ఆలోచన అసలు కుదరదు. అవి జింక జాతి కాదు, యాంటిలోపు జాతి. వాటి కొమ్ములు ఏటా రాలిపోవు, ఏ నెలలోనైనా జతకట్టగలవు. వన్యప్రాణి చట్టంలో అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూలులో ఉన్నాయి, కాబట్టి చంపితే శిక్ష కనీసం మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా ఉంటుంది. రైతు గారు అడిగిన తరలింపు సరైన మార్గమే గాని, అది చాలా ఓపికతో చేయవలసిన పని. కృష్ణజింక బెదిరితే పరుగులోనే ప్రాణం పోగొట్టుకోవచ్చు. ఈనే ముందు, పాలిచ్చే వేళ మందను తరమకుండా చూసుకోవాలి. సంతానోత్పత్తి కాలం లెక్క అక్కడ అక్కరకు వస్తుంది.

హిల్‌కంట్రీ_రాము
ఇన్ని విషయాలు తెలిశాక నా ప్రశ్నలో ఒక భాగం ఇంకా మిగిలింది. టెక్సాస్‌లో తెల్లతోక జింకకు నవంబర్ మొదటి శనివారం నుంచి సీజన్ ఉండగా, మన దుప్పికి ఏడాది పొడవునా తలుపులు తెరిచి ఉంచడానికి కారణం ఏమిటి?

మిల్వాకీ_శ్రీను
ఆ రాష్ట్ర చట్టం దృష్టిలో తెల్లతోక జింక ప్రజల ఆస్తి, దుప్పి బయటి నుంచి తెచ్చిన జాతి. అందువల్ల దానికి సీజన్ లేదు, ఇన్నే కొట్టాలన్న పరిమితి లేదు. వేట లైసెన్సు, భూయజమాని అనుమతి ఉంటే చాలు. దుప్పి స్థానిక జింక మేతకు పోటీ వస్తుంది. అది ఆకులూ అలములూ మాత్రమే కాక గడ్డి కూడా బాగా మేస్తుంది, కాబట్టి కరువులో తెల్లతోక జింకకన్నా నిలదొక్కుకుంటుంది. హవాయిలో సంగతి ఇంకా ఘోరం. 1868లో మొలకాయి దీవికి తెచ్చినవి, తరువాత మావీకి చేరి పంటలనూ అడవినీ తినేస్తున్నాయి.

అబర్డీన్_లక్ష్మి
అంత దూరం వెళ్లనక్కరలేదు. మన అండమాన్ దీవుల్లో కూడా బ్రిటిష్‌వారు దుప్పులను వదిలారు. అక్కడ వాటిని తినే పెద్ద జంతువు లేదు, అడవి కింది మొక్కలు లేవలేకపోతున్నాయి.

జీవశాస్త్ర_పాఠం
రాము గారు, ఈ రాంచ్ వారు చేస్తున్న దానిలో ఉన్న అసలు లోపం మీకు ఇప్పుడు కనిపించాలి. దుప్పి మితిమీరిందన్నది సీజన్ లేకపోవడానికి చెప్పే కారణం. సంఖ్య తగ్గాలంటే ఆడవాటిని తగ్గించాలి. వారు డబ్బు తీసుకుని కొట్టిస్తున్నది జూన్‌లో కొమ్ములున్న మగవాటిని. దానివల్ల మంద తగ్గదు, గోడ మీదికి ఒక తల మాత్రం వస్తుంది. బయటి జాతి బెడద అన్న మాటను అడ్డం పెట్టుకుని చేసే కొమ్ముల వ్యాపారం ఇది.

నిజంగా ఆడవాటిని తగ్గించే వేటకు వెళ్లదలిస్తే, దానికి కూడా వేళ చూడాలి. అక్కడ ఎక్కువ పిల్లలు జనవరి నుంచి ఏప్రిల్ నడిమి దాకా పుడతాయి. జూన్‌లో వాటి వయసు రెండు నుంచి ఐదు నెలలు, చాలావరకు ఇంకా తల్లి వెంటే ఉంటాయి. సెప్టెంబర్ చివరికి, అక్టోబర్‌కు ఎక్కువ పిల్లలు పాలు మానేసి ఉంటాయి, తల్లుల కడుపులో చూలు ఇంకా చిన్నదిగా ఉంటుంది. దుప్పి విషయంలో పూర్తిగా నిర్దోషమైన నెల అంటూ లేదు, అన్ని నెలల్లోనూ కొన్ని చూడివి, కొన్ని పాలిచ్చేవి ఉంటాయి. అయినా ఆ వేళ మిగతా వాటికన్నా మేలు. కాల్చే ముందు పక్కన పిల్ల ఉందో లేదో కాసేపు ఆగి చూడటం ఏ నెలలోనైనా తప్పనిసరి.

పద్యప్రియ
ఆ కాసేపు ఆగడం గురించే నేను మొదటి నుంచి చెబుతున్నాను. మన నేల మీద దీనికి ఇంకా పాత సాక్ష్యం ఉంది. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుడి శిలాశాసనాలు ఉన్నాయి. వాటిలో మొదటిది రాజు వంటశాల గురించి చెబుతుంది. అంతకుముందు లెక్కలేనన్ని ప్రాణులను చంపేవారని, శాసనం రాయించే నాటికి రెండు నెమళ్లు, ఒక మృగం మాత్రమే చంపుతున్నారని, ఆ మృగాన్ని కూడా ప్రతిసారీ చంపడం లేదని, ఇకముందు ఆ మూడింటినీ చంపబోరని ఉంది. అధికారంలో ఉన్నవాడు తన వంటింటి లెక్కను రాతి మీద చెక్కించి ఊరందరి ముందు పెట్టాడు.

హిల్‌కంట్రీ_రాము
జూన్ వేటకు రానని మా సహోద్యోగికి చెప్పేశాను. కారణం అడిగితే, దుప్పి మీద జాలి మాత్రమే కాదని, మగవాటిని కొట్టి మందను తగ్గిస్తున్నామనడం నిజం కాదని వివరించాను. అక్టోబర్‌లో ఆడవాటిని తగ్గించే పని పెట్టుకుంటే అప్పుడు ఆలోచిస్తానన్నాను. రాంచ్ యజమానితో మాట్లాడి చూస్తానని ఆయన అన్నారు. బీటు_నడక గారు, వేసవి సెలవులకు మా ఊరు ఆత్మకూరు వస్తున్నాను. ఉచ్చులు తీసే పనిలో మాలాంటివారు సాయపడే వీలు ఉంటుందా?

బీటు_నడక
ఉంటుంది, కానీ సొంతంగా అడవిలోకి వెళ్లకండి. పులుల అభయారణ్యంలోకి అనుమతి లేకుండా అడుగుపెట్టడమే నేరం. ఆత్మకూరులో అటవీశాఖ కార్యాలయానికి వెళ్లి రేంజి ఆఫీసరును కలిసి మీ ఉద్దేశం చెప్పండి. అనుమతిస్తే సిబ్బందితో, వారి వెంట ఉండే చెంచు కాపలాదారులతో కలిసి నడవవచ్చు. చెంచులు ఉచ్చును పసిగట్టినట్టు మరొకరు పసిగట్టలేరు, వాళ్లు చూపించిన చోట చూడటం నేర్చుకోండి. చేలకూ అడవికీ మధ్య ఉన్న కంచెల సందుల్లో, నీటికి దిగే దారుల్లో, మోకాలి ఎత్తులో వైరు మెరుస్తుందేమో చూడాలి. కొత్తగా నరికిన కంప ఒక వరుసలో పడి ఉంటే అక్కడ ఆగండి. ఉచ్చు కనిపిస్తే వెంటనే పీకకండి, ముందు సిబ్బంది ఫోటో తీసి చోటు నమోదు చేసుకుంటారు, కేసుకు అదే ఆధారం. తీగ కరెంటు స్తంభం వైపు వెళ్తున్నట్టు కనిపిస్తే మాత్రం దూరంగా నిలబడి, విద్యుత్ సిబ్బంది వచ్చి సరఫరా ఆపేదాకా ఎవరినీ దగ్గరికి వెళ్లనివ్వకండి. మే మొదటి వారానికల్లా వస్తే మంచిది, వానలు పడితే దుప్పులు నీటి కోసం ఒకేచోటికి రావు, ఉచ్చులు కూడా అడవంతా చెదిరిపోతాయి.